రేవులో కాటన్, ప్రీసెట్‌లో కాటన్

కోటిపల్లి రేవులో పంటు ఎక్కి ముక్తేశ్వరం వైపు పోతున్నప్పుడు, అంచున నిలబడ్డవాళ్ల బట్టలు గమనిస్తే సరదాగా ఉంటుంది. గౌతమి మీద గాలి అందరికీ ఒకటే. కానీ గంజి పెట్టి ఇస్త్రీ చేసిన పంచె పలకలా ఒక్కసారి ఊగి మళ్లీ తన చోటికి వచ్చేస్తుంది. సింథటిక్ చీర కొంగు అలలా లేచి చివర టపటపా కొట్టుకుంటుంది. ఉతికి ఉతికి మెత్తబడ్డ లుంగీ కాళ్లకు చుట్టుకుని ఊరుకుంటుంది. ఎవరూ చెప్పక్కర్లేదు, పది గజాల దూరం నుంచే ఏది ఏ బట్టో కన్ను పోల్చేస్తుంది.

ఇదే దృశ్యాన్ని కంప్యూటర్ యానిమేషన్‌లో చేయబోతే మాత్రం మూడూ ఒకేలా కదులుతాయి. పంచెకు కాటన్, కొంగుకు సిల్క్ అని ప్రీసెట్ (సాఫ్ట్‌వేర్ ముందే సిద్ధం చేసి ఇచ్చే అంకెల జాబితా) ఎంచుకున్నా, తెర మీద వచ్చేది రబ్బరు షీటులాగో తడిసిన కాగితంలాగో ఉంటుంది. అప్పుడు చెయ్యి నేరుగా స్టిఫ్‌నెస్ అనే అంకె మీదికే పోతుంది. పెంచుతారు, తగ్గిస్తారు, మళ్లీ పెంచుతారు, రాత్రంతా సిమ్యులేషన్ (కదలికను కంప్యూటర్‌తో లెక్కకట్టించడం) తిప్పుతారు. చాలాసార్లు తప్పు అక్కడ ఉండదు.

బట్ట స్వభావం ఒక్క అంకెలో ఉండదన్న సంగతి ద్వారపూడి బట్టల కొట్లలో బేరమాడేవాళ్లకు బాగా తెలుసు. బట్ట తాను విప్పగానే కొనేవాళ్లు ముందు అరచేతిలో వేసుకుని బరువు చూస్తారు. పిడికిట్లో నలిపి వదిలి, ముడత పోతుందా నిలుస్తుందా అని చూస్తారు. పొడుగునా లాగుతారు, తర్వాత ఐమూలగా లాగుతారు. చివరికి భుజం మీద వేసుకుని ఎలా వాలుతుందో చూస్తారు. ఇవన్నీ పరీక్షలే. జపాన్‌లోని క్యోటోలో సుయెవో కవబాతా 1970లలో తయారు చేసిన బట్టల కొలత యంత్రాలు చేసే పని కూడా దాదాపు ఇదే: సాగు, ఐమూల సాగు, వంపు, నొక్కుడు, పైతలపు రాపిడి. చేతికి తెలిసినదాన్ని ఆయన అంకెల్లోకి దించాడు.

నేత బట్ట నిర్మాణమే ఇందుకు కారణం. పడుగు దారం (నేతలో పొడవునా ఉండేది) వెంట లాగితే బట్ట దాదాపు సాగదు. పేక (అడ్డంగా ఉండేది) వెంట లాగినా అంతే, కాకపోతే కొంచెం ఎక్కువ ఇస్తుంది. అదే ఐమూలగా లాగితే చదరపు గళ్లు డైమండ్ గళ్లుగా మారిపోతాయి, బట్ట హాయిగా సాగుతుంది. క్రాస్ కటింగ్‌తో బ్లౌజు కుట్టే టైలర్ల పని అంతా ఈ ఒక్క గుణం మీదే నడుస్తుంది. ఇక వంచడానికైతే అసలు బలమే అక్కర్లేదు, ఊదితే వంగుతుంది. సాఫ్ట్‌వేర్‌లో టెన్షన్ (సాగు), షియర్ (ఐమూల సాగు), బెండింగ్ (వంపు) అని మూడు వేరువేరు గడులు ఉండేది ఇందుకే. మూడింటినీ కలిపి పెంచితే బట్ట బిరుసెక్కదు, రేకుగా మారుతుంది. గంజి ప్రధానంగా మార్చేది వంపునే. దారాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి కాబట్టి ఐమూల సాగు కూడా తగ్గుతుంది. పొడుగునా సాగే గుణం మాత్రం చెప్పుకోదగ్గంతగా మారదు, ఎందుకంటే ముందునుంచీ సాగేదే లేదు.

వంపు బిరుసుకు ఎంత అంకె పెట్టాలో ఊహించనక్కర్లేదు, కొలవొచ్చు. మాంచెస్టర్‌లో పత్తి బట్టల మీద పరిశోధన చేసిన ఎఫ్.టి. పియర్స్ 1930లోనే దీనికి దారి చూపించాడు. ఆ పరీక్షకు ఇంట్లో బల్ల, స్కేలు, ఒక అట్టముక్క చాలు. బట్టను రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు, ఇరవై సెంటీమీటర్ల పొడవున్న పట్టీగా కత్తిరించాలి. బల్ల మీద పరిచి, పైన స్కేలు పెట్టి, రెండింటినీ కలిపి మెల్లగా అంచు దాటించాలి. బయటికి వచ్చిన ముక్క తన బరువుకే కిందికి వంగుతుంది. దాని కొస, బల్ల అంచు నుంచి కిందికి 41.5 డిగ్రీల వాలులో గీసిన గీతను తాకగానే ఆపాలి. ఆ వాలు కోసం కోణమానిని వెతకక్కర్లేదు. అట్ట మీద అడ్డంగా 10 సెంటీమీటర్లు, కిందికి దాదాపు 8.8 సెంటీమీటర్లు గుర్తు పెట్టి కలిపితే సరిపోతుంది. అంచు దాటి వేలాడిన పొడవులో సగాన్ని వంపు పొడవు అంటారు.

అసలు విషయం ఆ తర్వాతి లెక్కలో ఉంది. వంపు బిరుసు అంటే చదరపు మీటరు బరువును వంపు పొడవు ఘనంతో గుణించగా వచ్చేది. ఘనం కాబట్టి చిన్న తేడా కూడా పెద్దదైపోతుంది. పాత పంచె నుంచి రెండు పట్టీలు తీసి, ఒకదాన్ని గంజిలో ముంచి ఆరబెట్టి ఇస్త్రీ చేశారనుకుందాం. ఉత్తది 4 సెంటీమీటర్ల దగ్గర గీతను తాకి, గంజిది 8 సెంటీమీటర్ల దాకా తాకకపోతే, బిరుసు రెట్టింపు అయినట్టు కాదు, ఎనిమిది రెట్లు అయినట్టు. సెట్టింగుల్లో బెండింగ్‌ను 0.5 నుంచి 0.6కి, 0.7కి జరుపుతూ తేడా రావడం లేదని విసుక్కునేవాళ్లు ఇక్కడే పొరపడుతున్నారు. గంజికి పదీ ఇరవై శాతం చాలదు, రెట్లలో మార్చాలి. బ్లెండర్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్ ప్రీసెట్లలోనూ సిల్క్ బెండింగ్ 0.05, కాటన్‌ది 0.5, డెనిమ్‌ది 10, తోలుది 150. తేడాలన్నీ రెట్లలోనే.

పట్టీని కొలిచాక అదే పరీక్షను సాఫ్ట్‌వేర్‌లో పెట్టాలి. అంతే కొలత గల పట్టీ, ఒక బల్ల, వాలు గీత. బట్ట కొస గీతను తాకే పొడవు ఇంట్లో వచ్చిన పొడవుతో సరిపోయే దాకా బెండింగ్ మార్చడం. ఇరవై సెంటీమీటర్ల పట్టీ కాబట్టి ఒక్కో ప్రయత్నం క్షణాల్లో అయిపోతుంది. మొత్తం చీరను తిప్పి చూస్తూ వెతకడం కన్నా ఇది ఎంతో నయం. ఒక్క షరతు: పట్టీలో మెష్ (బట్టను కంప్యూటర్‌లో కట్టే గళ్ల వల) ఎంత సన్నగా ఉందో చీరలోనూ అంతే ఉండాలి, ఫ్రేముకు వేసే అంచెలు (ఫ్రేము సమయాన్ని ఎన్ని ముక్కలు చేసి లెక్కకడతారో అవి) కూడా అన్నే ఉండాలి. లేకపోతే పట్టీలో దొరికిన అంకె చీరలో చెల్లదు.

ఇదేదో చిన్న జాగ్రత్తలా అనిపిస్తుంది గానీ, బట్ట సిమ్యులేషన్‌లో జరిగే తప్పుల్లో చాలా ఇక్కడే పుడతాయి. సెట్టింగుల్లో కనిపించే అంకెలు బట్టవి కావు, బట్టా మెష్షూ లెక్క కట్టే పద్ధతీ కలిసి పంచుకునే అంకెలు. బరువునే చూడండి. ఆరు గజాల చీర అంటే దాదాపు అయిదున్నర మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు. పల్చటి కాటన్ చీర అర కిలో అటూఇటూ తూగుతుంది. దీన్ని రెండు సెంటీమీటర్ల గళ్లుగా మెష్ చేస్తే సుమారు 16,500 బిందువులు వస్తాయి. బ్లెండర్‌లో బరువు ఇచ్చేది చీరకు కాదు, ఒక్కో వర్టెక్స్‌కు, అంటే మెష్‌లోని ఒక్కో బిందువుకు. కాటన్ ప్రీసెట్‌లో అది 0.3 కిలోలు. గుణిస్తే దాదాపు 4,950 కిలోలు! 75 కిలోల ధాన్యం బస్తాలు అరవై ఆరు ఒంటికి చుట్టుకున్నట్టు.

ఇంత బరువున్నా చీర మామూలుగా కదిలినట్టే ఎందుకు కనిపిస్తుందంటే, టెన్షన్ అంకెలు కూడా అదే స్థాయిలో పెట్టి ఉంటాయి. రెండింటి నిష్పత్తే లెక్క. కానీ మెష్‌ను ఒక్కసారి సన్నం చేసి గడిని సెంటీమీటరుకు దించగానే బిందువులు 66,000 అవుతాయి, బరువు ఇరవై టన్నులకు చేరుతుంది. అంతవరకు బాగున్న చీర ఒక్కసారిగా రబ్బరులా సాగుతుంది. నిన్న బాగుంది, ఇవాళ చెడింది, అంకె ఒక్కటీ మార్చలేదు అని తల పట్టుకునేది ఇలాంటప్పుడే. మెష్ రెండింతలు సన్నమైతే ఒక్కో బిందువు బరువును నాలుగో వంతుకు తగ్గించాలి. బట్టల కోసమే ఉన్న మార్వలస్ డిజైనర్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఈ తలనొప్పి లేదు, అక్కడ బరువును చదరపు మీటరుకు గ్రాముల్లోనే ఇస్తారు. గాలితో పని పడ్డప్పుడు తేడా మరీ బయటపడుతుంది. గాలి తోసేది వైశాల్యాన్ని, ఆపేది బరువు. ఐదు టన్నుల చీర కొంగు లేవాలంటే గోదావరి గాలి చాలదు, తుఫాను కావాలి. అందుకే కొందరు విండ్ అంకెను వేలల్లోకి తీసుకుపోతారు, తర్వాత జుట్టూ చెట్లూ అన్నీ ఎగిరిపోతున్నాయని వాపోతారు.

మెష్ సన్నదనానికి ఇంకో బాధ్యత ఉంది. ఒక గడి అంచు కన్నా చిన్న మడత బట్టలో పుట్టలేదు. కుచ్చిళ్ల మడత అంచు నిజంలో మిల్లీమీటర్ల మందమే. రెండు సెంటీమీటర్ల గడులతో చేస్తే బెండింగ్‌ను సున్నా చేసినా ఆ మడత గొట్టంలా గుండ్రంగానే ఉంటుంది. చూసేవాళ్లకు అది బిరుసు బట్టలా కనిపిస్తుంది. మార్వలస్ డిజైనర్ మొదట ఇచ్చే పార్టికల్ డిస్టెన్స్ (బిందువుల మధ్య దూరం) 20 మిల్లీమీటర్లు. చివరి దశలో 5కి దించమనేది ఇందుకే, కానీ అప్పుడు చీర మీద బిందువులు 16,500 నుంచి 2,64,000కు పెరుగుతాయి. కంప్యూటర్ సంగతి చూసుకుని కుచ్చిళ్లు ఉన్నచోటే సన్నం చేసి, వీపు వెనక భాగాన్ని లావుగా వదిలేయడం తెలివైన పని.

కుచ్చిళ్ల దగ్గరే మరో వింత. బట్ట తనలోంచి తాను దూరిపోకుండా ఉంచే దూరం బ్లెండర్‌లో మొదట 0.015 మీటర్లు, అంటే 15 మిల్లీమీటర్లు. ఆరు కుచ్చిళ్లు అంటే పన్నెండు పొరలు. పొరకు 15 మిల్లీమీటర్ల చొప్పున 18 సెంటీమీటర్లు. నడుం దగ్గర చీర కట్టినట్టు ఉండదు, దిండు దోపినట్టు ఉంటుంది. చీర మరీ బిరుసుగా ఉందని బెండింగ్ తగ్గిస్తూ పోతే ఈ దిండు ఎప్పటికీ పోదు. పోవాల్సింది ఆ దూరం. దాన్ని రెండు మూడు మిల్లీమీటర్లకు దించాలి, దించితే మెష్‌నూ సన్నం చేయాలి, అంచెలనూ పెంచాలి.

చీరకు సంబంధించి సాధారణంగా ఎవరూ పట్టించుకోని సంగతి దారాల దిశ. చీర పొడవునా నడిచేది పడుగు. నడుం చుట్టూ కట్టినప్పుడు ఆ పడుగు అడ్డంగా తిరుగుతుంది, పేక నిలువుగా వేలాడుతుంది. అదే చీర భుజం మీదుగా కొంగై జారేసరికి పడుగు నిలువవుతుంది. ఒకే ఫ్రేములో, ఒకే చీరలో రెండు దిశలూ ఉంటాయి. రెండు దిశలకూ ఒకే అంకె ఇచ్చే సాఫ్ట్‌వేర్‌లో ఈ తేడా పోతుంది. మార్వలస్ డిజైనర్ లాంటివి పడుగుకూ పేకకూ వేరువేరు గడులు ఇస్తాయి, కానీ చీర నమూనాను గీసేటప్పుడు దిశ తప్పుగా తిప్పితే ఆ గడులు ఉండీ ఉపయోగం లేదు.

అంచు సంగతీ అంతే. జరీ అంచు చీర పొడవునా పడుగు వెంట ఉంటుంది కాబట్టి ప్రతి కుచ్చిలిలోనూ అది మడత పడాల్సిందే. అంచు బిరుసుగా ఉంటే కింద కుచ్చిళ్లు విసనకర్రలా విచ్చుకుంటాయి. దాని వెనక ఫాల్ కూడా కుట్టించి ఉంటే అక్కడ బట్ట రెండు పొరలు, బరువు ఎక్కువ, కుచ్చిళ్లు నిటారుగా దిగుతాయి. ఫాల్ లేని చీర నడకలో పైకి తేలినట్టు అవుతుంది, ఫాల్ ఉన్నది పాదాల మీద నిలుస్తుంది. బ్లెండర్‌లో బెండింగ్‌ను వెయిట్ పెయింట్‌తో (మెష్ మీద ఎక్కడ ఎంత అని రంగులా పూసే పనిముట్టు) అంచు మేరకు పెంచొచ్చు. బరువును అలా పూయడం కుదరదు గానీ, పైన తిట్టుకున్న లోపమే ఇక్కడ అక్కరకొస్తుంది: అంచు పట్టీలో మెష్‌ను సన్నం చేస్తే బిందువులు పెరిగి, బరువు దానంతట అదే పెరుగుతుంది. ఉప్పాడ జాందానీ చీరకైతే బుటాలు నేసినచోట అదనపు పేక ఉంటుంది కాబట్టి అక్కడక్కడా చిన్న చిన్న బిరుసు మచ్చలు పూయాలి. దూరపు షాట్‌లో ఇది కనిపించదు, దగ్గరి షాట్‌లో కొంగు మడత బుటా దగ్గర కొద్దిగా తడబడితే చాలు, నేతచీర అని తెలిసిపోతుంది.

సిల్క్ ప్రీసెట్‌ను పట్టు చీరకు వాడటం పెద్ద పొరపాటు. ఆ పేరుతో వచ్చేది జారుడు సాటిన్ గౌను బట్ట. పెళ్లి పట్టుచీర జరీతో కలిసి మామూలు కాటన్ కన్నా బరువుగా, బిరుసుగా ఉంటుంది. దానికి 0.05 బెండింగ్ పెడితే పెళ్లికూతురు నైటీ చుట్టుకున్నట్టు ఉంటుంది.

ఇక కదలిక చచ్చిపోవడం గురించి. 1987లో డెమెట్రి టెర్జోపౌలోస్ బృందం సాగే వస్తువులను భౌతికశాస్త్ర సూత్రాలతో లెక్కకట్టి కదిలించే పద్ధతి చూపించినప్పటి నుంచీ ఉన్న చిక్కు ఒకటే. బట్ట పొడుగునా అసలు సాగదు, వంపుకు అసలు ఎదురుతిరగదు. ఈ రెండింటినీ ఒకే లెక్కలో నడిపితే, సమయాన్ని చాలా చిన్న అంచెలుగా కొయ్యకపోతే బట్ట ముక్కలై పేలిపోతుంది. 1995లో జేవియర్ ప్రోవో ఒక చిట్కా వేశాడు: మెష్ బిందువులను కలిపే స్ప్రింగులను మెత్తగానే ఉంచి, పది శాతం మించి సాగినవాటిని వెంటనే వెనక్కి లాగేయడం. 1998లో డేవిడ్ బరాఫ్, ఆండ్రూ విట్కిన్ ఇంప్లిసిట్ పద్ధతి (అంచె చివర ఉండబోయే స్థితిని బట్టి లెక్కకట్టేది) తెచ్చాక పెద్ద అంచెలు వేసినా బట్ట పేలడం మానేసింది. దానికి చెల్లించిన మూల్యం ఏమిటంటే, అంచె పెద్దదయ్యే కొద్దీ వేగమైన చిన్న కదలికలను లెక్కే మింగేస్తుంది. డాంపింగ్ (ఊపును అణిచే అంకె) సున్నా పెట్టినా సరే.

పంటు మీది కొంగు చివర సెకనుకు పదిసార్లు కొట్టుకుంటోందనుకుందాం. సెకనుకు 24 ఫ్రేములు, ఫ్రేముకు 5 అంచెలు అయితే ఒక్కో దెబ్బకు 12 అంచెలే దొరుకుతాయి. ఆ దెబ్బ మెత్తబడి, రెండు ఊపుల్లో ఆరిపోతుంది. అంచెలను 15 చేస్తే ఒక్కో దెబ్బకు 36 వస్తాయి, కొంగు బతుకుతుంది. కాబట్టి కొంగు నీళ్లలో ఊగినట్టు ఉంటే డాంపింగ్ గడి ముట్టుకోకముందే అంచెలు పెంచి చూడాలి. ఆటల్లో, వేగంగా నడవాల్సినచోట వాడే పొజిషన్ బేస్డ్ పద్ధతిలో (బిందువుల స్థానాలనే నేరుగా సరిదిద్దేది) ఇది ఇంకా తీవ్రం. అక్కడ ఒక్కో అంచెలో ఆ దిద్దుబాటును చేసే పునరావృత్తుల సంఖ్య పెంచితే బట్టే బిరుసెక్కుతుంది. 2016లో వచ్చిన ఎక్స్‌పీబీడీ అనే దాని మెరుగైన రూపం ఈ ముడిని చాలావరకు విప్పింది.

కొలమానం గురించి ఒక్క మాట చాలు. మాయా అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో బొమ్మను సెంటీమీటర్లలో కట్టి, దాని సిమ్యులేషన్ యంత్రాంగం న్యూక్లియస్‌లోని స్పేస్ స్కేల్‌ను 1 దగ్గరే వదిలేస్తే అది ప్రతి సెంటీమీటరునూ మీటరు అనుకుంటుంది. నూరు రెట్లు పెద్ద గుడ్డ పది రెట్లు నెమ్మదిగా ఊగుతుంది. బట్ట బద్ధకంగా, మహావృక్షానికి కట్టిన జెండాలా కదులుతుంటే మరే గడీ ముట్టుకోకుండా స్కేల్‌ను 0.01 చేయాలి.

ఇవన్నీ సరిచేశాక మిగిలేది డెల్టా గాలిలోని తేమ. పత్తి దారం ప్రామాణిక పరిస్థితుల్లో, అంటే 20 డిగ్రీల వేడి, 65 శాతం తేమలో, తన పొడి బరువులో దాదాపు 8.5 శాతం నీటిని పట్టి ఉంచుకుంటుంది. పాలిస్టర్ పట్టేది 0.4 శాతమే. కోనసీమలో తేమ 65 దగ్గర ఆగే రోజులు తక్కువ. పొద్దున ఫెళఫెళలాడిన పంచె మధ్యాహ్నానికి గంజి మెత్తబడి, చెమటకు తడిసి, సగం లొంగిపోతుంది. పక్కనే ఉన్న పాలిస్టర్ చీర పొద్దున ఎలా ఉందో సాయంత్రమూ అలాగే ఉంటుంది. కథలో ఒకే పాత్ర పొద్దున పంటు ఎక్కి మధ్యాహ్నం తిరిగొస్తుంటే రెండు షాట్లకూ ఒకే పంచె సెట్టింగు వాడటం సరికాదు. పుష్కరాల రేవులో మునిగి లేచిన పంచె వేరే సంగతి. పిండని కాటన్ బరువు రెట్టింపు దాటుతుంది, ఒంటికి అతుక్కుంటుంది. అక్కడ బరువుతో పాటు ఒంటి మీద రాపిడిని కూడా బాగా పెంచాలి.

మధ్యాహ్నపు పంచెకు లెక్క తేలికే. పొద్దున గంజి పట్టీ 9 సెంటీమీటర్ల దగ్గర గీతను తాకి, అదే పట్టీ నాలుగు గంటలు వరండాలో వేలాడాక 6 దగ్గరే తాకిందనుకుందాం. నిష్పత్తి ఒకటిన్నర, దాని ఘనం సుమారు 3.4. బెండింగ్‌ను మూడో వంతు కన్నా కొంచెం కిందికి దించి, డాంపింగ్ కాస్త పెంచితే సరిపోతుంది. ఆ పైన మోకాళ్ల వెనక, కూర్చుని లేచినచోట పడ్డ అడ్డ ముడతలు ఉంటాయి. అవి ఏ బెండింగ్ అంకెతోనూ రావు, ఎందుకంటే మామూలు సిమ్యులేషన్ బట్టకు జ్ఞాపకం ఉండదు, వదలగానే చదునైపోతుంది. వాటిని రెస్ట్ షేప్‌లోనే (బట్ట వదలగానే తిరిగి వెళ్లే ఆకారం) ముందుగా మడిచి పెట్టాలి. పొద్దుటి పంచెకు ఇస్త్రీ మడత గీతలు పెట్టినచోటే వీటినీ చేర్చాలి.